ఎల్డర్‌బెర్రీతో ఇంట్లో వంట: తాజా పండా, ఫ్రోజెనా, ఎండుదా, రసమా?

ఐరోపా, అమెరికాల్లో గుత్తులుగా కాసే చిన్న నల్లటి పండు ఎల్డర్‌బెర్రీ. దాంతో ఏదైనా చేద్దామనుకునేవాళ్లు చాలామంది ముందు పళ్లు తెచ్చేసుకుంటారు, వీటితో ఏం చెయ్యాలన్నది తర్వాత ఆలోచిస్తారు. ఈ పండు దగ్గర ఆ వరుస పనికిరాదు. ఏం వండాలి, వండినదాన్ని ఎన్నాళ్లు దాచాలి అన్న రెండూ ముందు తేల్చుకోవాలి. పండు ఏ రూపంలో కొనాలో ఆ తర్వాత దానంతట అదే తేలిపోతుంది. సిరప్‌కి భేషుగ్గా సరిపోయే ఎండు పళ్లు జామ్‌లో వేస్తే నమిలినకొద్దీ పిప్పే తగులుతుంది. జెల్లీకి కుదిరే సీసా రసంతో ఆస్ట్రియా వాళ్ల రోస్టర్ అనే ఉడికించిన పళ్ల తీపి వంటకం చెయ్యలేం, అందులో పండు పండుగా కనిపించాలి కాబట్టి.

ఈ చెట్టు తెలుగునాట పెరగదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్లకి దొరికేవి ఆన్‌లైన్‌లో వచ్చే దిగుమతి ఎండు పళ్లు, పొడి, రెడీమేడ్ సిరప్‌లు. జర్మనీ, బ్రిటన్, అమెరికాల్లో స్థిరపడిన మనవాళ్ల సంగతి వేరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పొలాల కంచెల వెంట, వాగుల పక్కన, పార్కుల అంచున నల్లటి గుత్తులు బరువుకి కిందికి వంగి కనిపిస్తాయి. ఐరోపాలో ఎక్కువగా ఉండేది సాంబూకస్ నైగ్రా అనే నల్ల ఎల్డర్. అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో దాని దగ్గరి చుట్టం సాంబూకస్ కెనడెన్సిస్ పెరుగుతుంది. పశ్చిమాన కాలిఫోర్నియా, ఓరెగాన్ వైపు పండు మీద తెల్లటి బూడిద పూత ఉండే నీలి ఎల్డర్ ఉంటుంది. ఈ మూడూ వంటకి పనికొస్తాయి. ఎర్ర పళ్ల ఎల్డర్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. పసిఫిక్ తీరపు ఆదివాసులు దాన్ని వండి, గింజలు తీసేసి తింటారు. ఆ పద్ధతి తరతరాలుగా చేతికి అబ్బినవాళ్లకే కుదురుతుంది.

ముందుగా ఒక కచ్చితమైన నియమం

నేరేడు చెట్టు కింద నిలబడి పళ్లు ఏరుకుని అక్కడే నోట్లో వేసుకునే అలవాటు మనది. ఎల్డర్‌బెర్రీని అలా తినకూడదు. ఆకులు, కాడలు, బెరడు, పచ్చి కాయలు, పండు లోపలి గింజలు, వీటన్నిట్లో సాంబునిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. అవి నలిగినప్పుడు అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. తిన్నవాళ్లకి వికారం, వాంతులు, కడుపునొప్పి, తల తిరగడం, నీరసం వస్తాయి. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో ఒకచోట చేరిన 25 మంది కోసం ఆకులు, కొమ్మలతో సహా పళ్లు నలిపి రసం తీశారు. తాగినవాళ్లలో 11 మంది జబ్బుపడ్డారు, ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అందరూ కోలుకున్నారు. కానీ ఆ రసం వండలేదన్నదీ, అందులో ఆకులూ కొమ్మలూ కలిశాయన్నదీ గుర్తుంచుకోవాలి.

ఈ నియమం నుంచే వంటింట్లో నాలుగు జాగ్రత్తలు వస్తాయి. గుత్తి నుంచి పళ్లు రాల్చేటప్పుడు లావు కాడల్ని పూర్తిగా తీసెయ్యాలి. పండుకి అంటుకున్న వెంట్రుకంత తొడిమలు ఒకటీ అరా ఉండిపోతే భయపడక్కర్లేదు. ఆకుపచ్చ, ఎరుపు కాయలన్నీ ఏరేయాలి. పచ్చి పళ్లని మిక్సీలో వెయ్యకూడదు, గింజలు పగిలి చేదూ దిగుతుంది, వద్దనుకున్న పదార్థమూ దిగుతుంది. చివరిది, ప్రెషర్ కుక్కర్ వద్దు. సైనైడ్ ఆవిరైపోయే గుణమున్నది కాబట్టి వెడల్పాటి స్టీలు గిన్నెలో మూత పెట్టకుండా, పొయ్యి దగ్గర కిటికీ తెరిచి, కనీసం 20 నిమిషాలు మరగనివ్వాలి.

సొంతంగా కోసుకునేవాళ్లు చెట్టుని ఆకుతో గుర్తుపట్టాలి. పండు ఒక్కటే చూసి నమ్మొద్దు. ఎల్డర్‌కి ఒక ఈనెకి ఐదు నుంచి తొమ్మిది దాకా చిన్నాకులు ఉంటాయి, అంచులు రంపంలా కోసి ఉంటాయి, ఈనెలు కొమ్మకి ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అమెరికాలో దీనికి పొరపాటు పడేది పోక్‌వీడ్‌తో. దాని పళ్లూ ముదురు ఊదా రంగే, కానీ ఒకే పొడవాటి గులాబీ రంగు కాడకి వరసగా వేలాడతాయి, ఆకు ఒంటాకు. అది విషం. ఐరోపాలో పొట్టి ఎల్డర్ అని ఇంకోటుంది. దానికి చెక్క కాండం ఉండదు, మనిషెత్తు మించని మొక్క, గుత్తులు ఆకాశం వైపు నిక్కి ఉంటాయి. దాన్నీ వదిలెయ్యాలి. పండిన మంచి ఎల్డర్ గుత్తి కిందికి వంగుతుంది, కాడలు ఊదా ఎరుపుకి తిరుగుతాయి. ఆ రెండు గుర్తులూ ఉన్న గుత్తినే కొయ్యాలి.

ఏ రూపంలో కొనాలి

చేతికి దొరికితే తాజా పండే రుచికి మేలు, కానీ పని కూడా దానికే ఎక్కువ. మిరియపు గింజ కంటే కాస్త పెద్దగా ఉండే పళ్లు, ఒక్కో గుత్తికి వందల్లో ఉంటాయి. ఫోర్కుతో దువ్వితే రాలతాయి గానీ సగం చితికి చేతులన్నీ ఊదా రంగు అయిపోతాయి. అంతకంటే తేలికైన దారి ఉంది. గుత్తుల్ని అలాగే సంచిలో పెట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు గట్టిపడ్డ గుత్తిని వెడల్పాటి బేసిన్ మీద పట్టుకుని కొట్టాలి. పళ్లు గలగలా రాలిపోతాయి, కాడ చేతిలో మిగులుతుంది. కరిగేలోపే పని ముగించాలి, మెత్తబడ్డాయంటే మళ్లీ చితుకుడే. రాలిన పళ్లని నీళ్లలో వేస్తే పచ్చి కాయలు, తొడిమలు, పురుగులు చాలావరకు పైకి తేలతాయి. వాటిని తీసి పారబోసి, అడుగున మునిగినవి తీసుకోవాలి. తాజా గుత్తులు ఫ్రిజ్‌లో రెండు రోజులు మించి ఆగవు. మూడో రోజుకి పులిసిన వాసన మొదలవుతుంది. కాబట్టి కోసినరోజే వండడమో ఫ్రీజర్‌లో పెట్టడమో చేసెయ్యాలి.

పట్నంలో ఉంటూ, ఏడాదిలో నాలుగైదుసార్లు మాత్రమే చేసుకునే ఇంటికి మా ఓటు ఫ్రోజెన్ పళ్లకే. కాడ తీసే పని అయిపోయి ఉంటుంది. గడ్డకట్టినప్పుడు పండు లోపలి పొరలు చిట్లుతాయి కాబట్టి వేడి తగలగానే రసం త్వరగా దిగుతుంది. రుచిలో తాజాదానికి పెద్ద తేడా ఉండదు. అమెరికాలో మిస్సోరీ చుట్టుపక్కల ఈ పంటని తోటలుగా వేసేవాళ్లున్నారు, కాడ తీసిన ఫ్రోజెన్ పళ్లు నేరుగా పెంపకందార్ల దగ్గరే కొనుక్కోవచ్చు. వండేటప్పుడు కరిగించకుండా గడ్డలాగే గిన్నెలో వెయ్యాలి. బయట కరగనిస్తే ఆ నీళ్లతో పాటే రంగూ రసమూ కారిపోతాయి.

ఎండు పళ్లకి ఒకటే గొప్ప సుగుణం, డబ్బాలో పెట్టి ఏడాది మరిచిపోవచ్చు. ఒకటే పనికి బాగా పనికొస్తాయి, సిరప్‌కి. కషాయానికి కూడా, అది సిరప్‌కి తమ్ముడే కాబట్టి. కప్పు లెక్కన చెప్పుకుంటే రెండు కప్పుల తాజా పళ్ల చోట ఒక కప్పు ఎండువి సరిపోతాయి. కొనేటప్పుడు పొట్లం వెలుగుకి పట్టుకుని చూడాలి. నల్లగా, ముడతలు పడి, దాదాపు ఒకే సైజులో ఉంటే మంచి సరుకు. పుల్లలు ఎక్కువున్నా, గోధుమ ఎరుపు గింజలు కనబడుతున్నా వద్దు. తెరవగానే తీపి కలిసిన మట్టి వాసన రావాలి, బూజు వాసన వస్తే వాపసు చెయ్యాల్సిందే. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఎండబెట్టడం ఉడికించడంతో సమానం కాదు. ఎండు ద్రాక్షలా వీటిని గుప్పిట్లో వేసుకుని పిల్లలకి పెట్టొద్దు, గ్రనోలాలో కలపొద్దు.

సీసా రసం గురించి మనవాళ్లు తక్కువగా ఆలోచిస్తారు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆరోగ్యాహార దుకాణాల్లో చక్కెర కలపని పాశ్చరైజ్ చేసిన ఎల్డర్‌బెర్రీ రసం దొరుకుతుంది. కాడ తీసే పని, వడకట్టే పని రెండూ తప్పుతాయి. సూప్‌కీ జెల్లీకీ ఇంతకంటే సులువు లేదు. లేబుల్ మీద రసమా, గాఢత పెంచిన కాన్‌సెంట్రేటా అన్నది చూసుకోవాలి. రెండోదైతే లేబుల్ చెప్పిన కొలతకి నీళ్లు కలిపాకే వంట లెక్కలోకి తీసుకోవాలి. పొడిని మాత్రం వంటకి సిఫారసు చెయ్యం. అది వేడి చేసిన పండు పొడా, పచ్చి పండు పొడా అన్నది చాలా డబ్బాల మీద రాసి ఉండదు, మరిగిస్తే అడుగున బురదలా పేరుకుంటుంది.

సిరప్: ఎండువాటితో ఒక రకం, తాజావాటితో ఇంకో రకం

ఎండు పళ్ల సిరప్ ముదురుగా, కాస్త వగరుగా, మసాలా కషాయం పోలికలో వస్తుంది. 100 గ్రాముల పళ్లని లీటరు నీళ్లలో గంటసేపు నానబెట్టి, అదే నీళ్లతో పొయ్యి మీద పెట్టాలి. అంగుళం దాల్చినచెక్క, రెండు లవంగాలు, బొటనవేలంత అల్లం నలగ్గొట్టి వెయ్యాలి. లవంగాలు రెండు అన్నామంటే రెండే. నాలుగు వేస్తే సిరప్ అంతా పంటి నొప్పి మందు వాసనే. మూత లేకుండా సన్నసెగ మీద 40 నుంచి 45 నిమిషాలు, నీళ్లు సగానికి తగ్గేదాకా మరగాలి. పలచటి నూలు గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక గుడ్డని పిండితే 400 మిల్లీలీటర్లకి అటూఇటుగా వస్తుంది. అందులో 250 గ్రాముల తేనె కలిపితే సిరప్. తేనెని మరుగుతున్నదాంట్లో పొయ్యొద్దు, దాని సువాసన పోతుంది. ఏడాది నిండని పసివాళ్లకి తేనె కలిసిన ఏ సిరప్పూ ఇవ్వకూడదు, తేనె ద్వారా బాట్యులిజం అనే తీవ్రమైన విషప్రభావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి.

తాజా లేదా ఫ్రోజెన్ పళ్లతో చేసేది రంగులో రుచిలో వేరే స్థాయి. వగరు తక్కువ, పండు వాసన ఎక్కువ. కేజీ పళ్లకి 250 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మరుగు వచ్చాక 20 నుంచి 25 నిమిషాలు ఉడికించాలి. పళ్లు చిట్లాక గరిటె వెనకవైపుతో మెల్లగా నొక్కాలి. గింజలు నలిగేలా రుబ్బొద్దు. వడకట్టిన రసం కొలిచి, లీటరుకి 600 గ్రాముల చక్కెర, రెండు పెద్ద నిమ్మకాయల రసం కలిపి ఇంకో 10 నిమిషాలు మరిగించాలి. నిమ్మరసం పడగానే ముదురు ఊదా రంగు కళ్లముందే కెంపు ఎరుపుకి తిరుగుతుంది. పండులోని ఆంథోసైనిన్లు అనే రంగు పదార్థాలు పులుపుకి ఎర్రబడతాయి, పులుపు తగ్గితే నీలానికి పోతాయి. ఇనప కళాయిలోనో అల్యూమినియం గిన్నెలోనో వండితే ఈ రంగు మురికి నీలంగా మారిపోతుంది, లోహపు రుచి కూడా అంటుతుంది. స్టీలు, ఎనామిల్, గాజు, ఈ మూడే.

ఈ రెంటిలో ఏది? దగ్గు, జలుబు కాలంలో వేడినీళ్లలో చెంచా కలుపుకుని తాగడానికే అయితే ఎండువాటి సిరప్ చాలు. సోడాలో, పెరుగులో, పాన్‌కేక్ మీద, ఐస్‌క్రీమ్ మీద పోసుకోవాలంటే తాజాదే చెయ్యాలి. జలుబుకి ఇదొక మందు అని నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానుకోవద్దు. ఇది తీపి పండ్ల రసం, గొంతుకి హాయిగా ఉంటుంది. గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు తాగేముందు డాక్టర్ని అడగాలి.

తీపి సంగతి. చక్కెర రంగునీ రుచినీ మార్చదు, ఎక్కువ రోజులు ఆపుతుంది. తేనె రుచిని గుండ్రంగా చేస్తుంది, కానీ ఆ సిరప్ ఫ్రిజ్‌లో రెండు వారాలకి మించి పెట్టుకోకూడదు. బెల్లం వేస్తే ఎల్డర్‌బెర్రీ కనుమరుగై బెల్లం పానకం మిగులుతుంది. బెల్లం మీద ఎంత ప్రేమున్నా ఈ పండుకి అది జోడీ కాదు.

జెల్లీ, జామ్

ఎల్డర్‌బెర్రీలో జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ తక్కువ, పులుపూ తక్కువ. ఒట్టి పండు రసం, చక్కెర పెట్టి ఎంతసేపు మరిగించినా గట్టిపడదు, పాకం ముదిరి మాడు వాసన వస్తుంది. అందుకే ఆపిల్‌ని తోడు తెచ్చుకుంటారు. 750 మిల్లీలీటర్ల ఎల్డర్ రసానికి 250 మిల్లీలీటర్ల ఆపిల్ రసం, ఒక నిమ్మకాయ రసం కలిపి, జర్మనీలో దొరికే, పెక్టిన్ కలిపిన 2:1 జెల్లీ చక్కెర 500 గ్రాములు వేసి, పొంగి కలిపినా తగ్గనంత మరుగు వచ్చాక నాలుగు నిమిషాలు లెక్కపెట్టాలి. ఫ్రీజర్‌లో చల్లబరిచిన పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో తోస్తే పైన ముడత పడాలి. పడకపోతే ఇంకో నిమిషం. ఆ చక్కెర దొరకని దేశాల్లో పెక్టిన్ ప్యాకెట్ వాడాలి, కొలత ప్యాకెట్ మీదున్నదే. చక్కెర తగ్గిద్దామని సగం వేస్తే మామూలు పెక్టిన్ పట్టు ఇవ్వదు. తక్కువ తీపి కావాలంటే దానికోసమే చేసిన పెక్టిన్ వేరుగా ఉంటుంది.

పండుతో పాటే జామ్ చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు, కానీ గింజలు పళ్లకి అడ్డుపడతాయి. సగం పళ్లని ఉడికాక జల్లెడలో రుద్ది గుజ్జు తీసి, మిగతా సగం అలాగే కలిపితే తినడానికి బాగుంటుంది. బ్లాక్‌బెర్రీ దొరికితే మూడో వంతు కలపండి, పులుపు కుదురుతుంది. జెల్లీ, జామ్ రెంటికీ ఎండు పళ్లు వద్దు.

మన నాలుకకి దగ్గరైనవి

ఈ పండుతో చేసేవాటిలో సిరప్‌కి ఉన్నంత పేరు వీటికి లేదు. కానీ భోజనంలో భాగంగా తినాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది వీటితోనే.

హాంబర్గ్ వైపు, ఉత్తర జర్మనీ అంతటా చలి మొదలయ్యేసరికి చేసే వేడి తీపి సూప్ ఒకటుంది, ఫ్లీడర్‌బేరెన్‌సుప్పె. అందులో వేసే ఉండలు గోధుమ రవ్వవి. మన బొంబాయి రవ్వ అందుకు చక్కగా సరిపోతుంది, ముతక రవ్వ వద్దు. పావు లీటరు పాలు, 20 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు మరిగించి, 90 గ్రాముల రవ్వ సన్నగా పోస్తూ కలపాలి. ముద్దగా గిన్నె అంచు వదలగానే దించి, పది నిమిషాలు ఆగి, గుడ్డు కొట్టి కలపాలి. వేడిగా ఉండగానే గుడ్డు వేస్తే అక్కడే ఉడికి తెల్లటి పొరలు కడుతుంది. రెండు చెంచాలతో ఉండలు తీసి, ఉప్పు వేసిన నీళ్లు సన్నగా కదులుతున్నప్పుడు జారవిడిచి ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. నీళ్లు తెర్లుతుంటే ఉండలు విడిపోతాయి. పక్క పొయ్యి మీద 700 మిల్లీలీటర్ల ఎల్డర్ రసం, 300 మిల్లీలీటర్ల నీళ్లు, 70 గ్రాముల చక్కెర, నిమ్మ తొక్క, దాల్చినచెక్క వేసి మరిగించి, రెండు పుల్లటి ఆపిళ్లు ముక్కలు కోసి అందులో మెత్తబడనివ్వాలి. రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఇంట్లో తీసిన రసం, సీసా రసం, ఏదైనా ఒకటే. ఇంట్లో తీసేదాన్ని వడకట్టేముందే 20 నిమిషాల మరుగు పూర్తయి ఉండాలి.

ఆస్ట్రియాలో దీన్ని హోలర్‌రోస్టర్ చేస్తారు. అర కేజీ పళ్లు, పావు కేజీ ఊదా ప్లమ్‌లు గింజ తీసినవి, 120 గ్రాముల చక్కెర, దాల్చినచెక్క, మూడు లవంగాలు, నిమ్మ తొక్క, 100 మిల్లీలీటర్ల నీళ్లు (అక్కడైతే రెడ్ వైన్ పోస్తారు), అన్నీ కలిపి 25 నిమిషాలు ఉడికిస్తే ప్లమ్ కరిగి గుజ్జవుతుంది, ఎల్డర్‌బెర్రీలు అందులో నల్లపూసల్లా నిలుస్తాయి. కైజర్‌ష్మార్న్ అనే చింపిన పాన్‌కేక్ పక్కన, పాలల్లో ఉడికించిన రవ్వ పక్కన తింటారు. మన ఇళ్లలో రవ్వ పాయసం చక్కెర తగ్గించి చేసి, దాని మీద రెండు గరిటెలు వేసుకుంటే సరిగ్గా కుదురుతుంది. దీనికి తాజా లేదా ఫ్రోజెన్ పండే కావాలి. గింజలు పంటికి తగులుతాయి, ఆ కరకర ఈ వంటకంలో భాగమే. అది నచ్చనివాళ్లు సూప్ ఎంచుకోవాలి.

కారంగా, పుల్లగా కావాలంటే ఇంగ్లండ్ వాళ్ల పోంటాక్ సాస్. అర కేజీ పళ్లు, అర లీటరు ఆపిల్ వెనిగర్ (5 శాతం పులుపున్నది) మూత పెట్టగల మట్టి లేదా గాజు పాత్రలో పోసి, 120 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు గంటలు ఉంచాలి. ఓవెన్ లేకపోతే సన్నసెగ మీద మూత వారగా పెట్టి 40 నిమిషాలు. వడకట్టి, ఆ రసంలో సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు 150 గ్రాములు, చెంచాడు మిరియాలు, నాలుగు లవంగాలు, జాపత్రి ఒక రేక, అల్లం ముక్క, చెంచాడు ఉప్పు వేసి 20 నిమిషాలు మరిగించి మళ్లీ వడకట్టాలి. చేసినరోజు వెనిగర్ ముక్కుకి కొడుతుంది. నెలరోజులాగితే మెత్తబడుతుంది. ఇంగ్లండ్‌లో దీన్ని ఏడేళ్లు మాగనిచ్చాక వాడాలని పాతకాలం మాట. వాళ్లు బాతు మాంసం, జింక మాంసం, లివర్ పక్కన వాడతారు. మేక లివర్ వేపుడు దించేముందు ఒక చెంచా పోసి చూడండి, నిమ్మకాయ పిండక్కర్లేదు.

వైన్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. దానికి వేరే సామాను, నెలల ఓపిక కావాలి, మొదటిసారి ఈ పండు పట్టుకునేవాళ్లు దాంతో మొదలుపెట్టొద్దు. మే, జూన్‌లలో పూసే పువ్వులతో చేసే షర్బత్ ఇంకో దారి. పూలు కోసిన కొమ్మకి పళ్లు రావు కాబట్టి ఇంటి పెరట్లో ఒకటే చెట్టున్నవాళ్లు ఏది కావాలో వసంతంలోనే తేల్చుకోవాలి. ఎండు పువ్వులు పళ్లకి బదులు కావు, రుచి పూర్తిగా వేరు.

దాచడం: అల్మరానా, ఫ్రీజరా

ఇక్కడ పాత పుస్తకాల మాట వినకూడదు. ఆవకాయ ఏడాది పొడుగునా జాడీలో నిలవుండేది ఉప్పు, నూనె, పులుపు, కారం అన్నీ ఘనంగా ఉండబట్టి. ఎల్డర్‌బెర్రీ ముదురు రంగు చూసి పుల్లటి పండనుకుంటాం. కానీ దాని పులుపు తక్కువ. బాట్యులిజం కలిగించే క్రిమి పెరగకుండా ఉండాలంటే ఆహారం పిహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే కిందే ఉండాలి. అమెరికా ఎల్డర్‌బెర్రీల పిహెచ్ చాలాసార్లు దానికి పైనే ఉంటుంది, రకాన్ని బట్టి, పండిన తీరుని బట్టి మారుతుంది కూడా. కాబట్టి సిరప్‌ని సీసాల్లో పోసి, వేడినీళ్లలో మరిగించి, మూత బిగించి గది వేడిమిలో అల్మరాలో పెట్టడం ప్రమాదం. పరీక్షించి, ఎంత పులుపు కలపాలో కచ్చితంగా చెప్పిన కొత్త పద్ధతి చేతిలో ఉంటే తప్ప ఆ పని చెయ్యొద్దు. సీసాలో గాలి లేకుండా బిగుసుకోవడం ఇక్కడ భరోసా కాదు, ఆ క్రిమికి కావలసింది గాలి లేని చోటే.

ఫ్రిజ్‌లో చక్కెర సిరప్ మూడు వారాలు, తేనె సిరప్ రెండు వారాలు, తెరిచిన జెల్లీ నెలరోజులు, రోస్టర్ ఐదు రోజులు. పోంటాక్‌లో వెనిగర్ బలంగా ఉంటుంది కాబట్టి నెలల తరబడి ఆగుతుంది, దాన్ని కూడా ఫ్రిజ్‌లోనే ఉంచడం మేలు. మిగతాదంతా ఫ్రీజర్‌కి పోవాలి. సిరప్‌ని ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టాక సంచిలోకి మార్చుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు రెండు ముక్కలు తీసుకోవచ్చు. ఆరు నెలల దాకా రుచి దిగదు. సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టేటట్టయితే పైన రెండంగుళాలు ఖాళీ వదలాలి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బి గాజు పగులుతుంది. ఫ్రిజ్‌లోని సిరప్ మీద బుడగలు వస్తున్నా, మూత తియ్యగానే సారా వాసన కొడుతున్నా, పైన తెల్లటి పొర కనబడినా మళ్లీ మరిగించి వాడుకుందామనుకోవద్దు, పారబోయాలి.

ఇక గిన్నెలు. పళ్లు కడిగిన బేసిన్‌కీ ఫోర్కుకీ ఆకుపచ్చటి జిగురు పొర అంటుకుంటుంది, సబ్బుకి కదలదు. దూదితోనో పాత గుడ్డతోనో వంటనూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బు వేస్తే పోతుంది. తెల్ల ప్లాస్టిక్ గరిటెలు, చెక్క పలకలు మాత్రం ఊదా రంగు పట్టాక వదలవు, వాటిని ఈ వంటకి తియ్యకపోవడమే నయం.